బూరె కొరికితే అంగిలి కాలింది

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది తెనాలి. నా వయసు 34. వరలక్ష్మీ వ్రతం రోజు పొద్దుటి నుంచి ఉపవాసం ఉన్నాను. పూజయ్యాక, అప్పుడే వేయించిన పూర్ణం బూరె ఒకటి చేతిలోకి తీసుకున్నాను. పైన ఆరినట్టే ఉంది. చిల్లు పెట్టి నెయ్యి పోసి కొరికాను. పూర్ణం అంగిలికి అతుక్కుపోయింది. ఉమ్మేద్దామంటే ఎదురుగా పేరంటాళ్లు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా మింగేశాను. మా అత్తగారు నెయ్యి రాయమన్నారు. పక్కింటి పిన్నిగారు పసుపు, తేనె అన్నారు. మావారు మందుల షాపు నుంచి జెల్ తెచ్చారు. అన్నీ రాశాను. ఇవాళ నాలుగో రోజు. అంగిలి మీద తెల్లటి పొర వేలాడుతోంది, నాలుకకు గరుగ్గా తగులుతోంది. నోట్లో తెల్లమచ్చ వస్తే క్యాన్సర్ అని ఎవరో అన్నారు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. పోయిన నెల మా నాలుగేళ్ల బాబు కూడా రాగి జావతో నాలుక కాల్చుకున్నాడు. ఇలా కాలినప్పుడు ముందుగా ఏం చేయాలి? మళ్లీ కాలకుండా ఏం చూసుకోవాలి? వచ్చే శుక్రవారం మా చెల్లెలింట్లో పేరంటం, అక్కడా బూరెలే. తినొచ్చా?

సమాధానం: ముందు ఆ టెన్షన్ సంగతి చూద్దామమ్మా. బూరె ఒక్కసారి కాల్చినందుకు క్యాన్సర్ రాదు. మీ అంగిలి మీద వేలాడుతున్నది కాలి చచ్చిపోయిన పైపొర. ఒంటి మీద కాలితే బొబ్బ లేచి, పైతోలు ఎండి ఊడుతుంది కదా, నోట్లోనూ అదే జరుగుతుంది. కాకపోతే నోరు ఎప్పుడూ తడిగా ఉంటుంది కాబట్టి ఆ పొర ఎండకుండా నాని, తెల్లబడి, చిరిగిన కాగితంలా వేలాడుతుంది. రెండో రోజు నుంచి నాలుగైదు రోజుల దాకా ఇలా కనిపించడం మామూలే. మీరు చేయకూడని పని ఒక్కటే, గోటితోనో నాలుకతోనో దాన్ని పీకడం. కింద కొత్త పొర ఇంకా లేతగా ఉంటుంది. పీకితే పచ్చిపుండు మిగులుతుంది, మంట మళ్లీ మొదటికొస్తుంది. వదిలేస్తే ఏ పెరుగన్నంతోనో కలిసి ఎప్పుడు పోయిందో కూడా తెలియకుండా పోతుంది.

అద్దం ముందు నోరు తెరిచి, ఫోన్ టార్చి వేసి ఒకసారి చూసుకోండి. పూర్ణం అతుక్కున్న చోటే, ఆ మేరకే తెల్లగా ఉండి, చుట్టూ ఎర్రగా ఉంటే అది కాలిన మచ్చే. రోజురోజుకూ చిన్నదవుతుంది కూడా. కారణమేమీ లేకుండా వచ్చి, నొప్పి లేకుండా వారాల తరబడి అలాగే ఉండిపోయే తెల్లమచ్చ సంగతి వేరు. గుట్కా, ఖైనీ, వక్కపొడి అలవాటున్నవాళ్లు దాన్ని అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు. మీకు ఎవరో చెప్పింది ఆ మచ్చ గురించి. మీ మచ్చకు కారణం మీకు తెలుసు, అది కాలిన రోజూ తెలుసు.

నోటికి ఒక అదృష్టం ఉంది. ఒంటి చర్మం కన్నా నోటి లోపలి పొర త్వరగా మానుతుంది. రక్తప్రసారం ఎక్కువ. పైగా రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరే లాలాజలంలో పుండు మాన్చే పదార్థాలున్నాయి. మీలాంటి పైపై కాలిన గాయం మామూలుగా వారం పది రోజుల్లో మచ్చ కూడా మిగలకుండా మానుతుంది. నాలుక కాలితే నాలుగు రోజులు ఉప్పూ తీపీ సరిగ్గా తెలియవు. రుచి మొగ్గల్లోని కణాలు సుమారు పది రోజులకోసారి ఎలాగూ కొత్తవి వస్తుంటాయి కాబట్టి ఆ రుచీ తిరిగొస్తుంది.

ఇక ఆ రోజు ఏం చేసి ఉండాల్సిందో చెబుతాను. ముందు ఉమ్మేయాలి. పేరంటాళ్లున్నా, వియ్యాలవారున్నా, చెంగు అడ్డం పెట్టుకుని చేతిలోకి ఉమ్మేయడమే. మింగేస్తే ఆ వేడి అంగిలితో ఆగదు, గొంతు, అన్నవాహిక దాకా కాల్చుకుంటూ పోతుంది. మీరు గొంతులో మంట అని రాయలేదు కాబట్టి బయటపడ్డట్టే. మింగుతుంటే రొమ్ము ఎముక వెనక ఇంకా నొప్పిగా ఉంటే మాత్రం డాక్టరుకు చూపించుకోండి.

ఉమ్మేశాక చల్లటి నీళ్లు. ఒక గుక్క తాగి 'హమ్మయ్య' అనుకుంటే చాలదు. నోటి నిండా పట్టి, కాలిన చోటికి తగిలేలా కాసేపు ఉంచి, ఉమ్మేసి, మళ్లీ పట్టాలి. ఇలా పది నిమిషాలు. పది నిమిషాలంటే మనం అనుకునేదానికన్నా చాలా ఎక్కువ సేపు, గడియారం చూసి చేయండి. పైన మంట తగ్గినా లోపలి పొరల్లో వేడి ఇంకా ఉంటుంది, దాన్ని లాగేయడానికే ఇంతసేపు. కుండ నీళ్లు చాలు. ఫ్రిజ్‌లో పాలో మజ్జిగో ఉంటే అవీ మంచివే. ఐస్ గడ్డను నేరుగా అంగిలికి అదిమి పెట్టకండి. తడి పొరకు అంటుకుని, తీసేటప్పుడు తోలు లేచిపోతుంది. చిన్నపిల్లలకైతే గొంతులో అడ్డం పడే ప్రమాదం కూడా.

మీరు రాసినవాటి దగ్గరకు వద్దాం. మీ అత్తగారి నెయ్యిలో తప్పు లేదు, వేళలోనే తప్పు. కాలిన వెంటనే నెయ్యి రాస్తే వేడి బయటికి పోకుండా మూత వేసినట్టవుతుంది. పైగా మీ అంగిలిని కాల్చినదాంట్లో నెయ్యీ ఉంది. బాగా చల్లార్చాక, మర్నాటి నుంచి పేరుకున్న నెయ్యి గోరంత రాస్తే గరుకు తగ్గి హాయిగా ఉంటుంది, నష్టం లేదు. తేనె పెద్దవాళ్లకు ఫర్వాలేదు, ఏడాది నిండని బిడ్డకు మాత్రం నాకించొద్దు. పసుపు పొడి పచ్చిపుండు మీద ఇసుకలా గుచ్చుకుంటుంది, దాన్ని కూరలకే ఉంచండి. జెల్ సంగతి కొంచెం జాగ్రత్తగా వినాలి. అందులో ఉండే తిమ్మిరి మందు కాసేపు నొప్పి తెలియకుండా చేస్తుందే గానీ పుండును మాన్చదు. భోజనానికి ముందు కొద్దిగా రాసుకోవచ్చు. అయితే ఆ తిమ్మిరిలో వేడి చారు తాగితే, కాలుతున్నా తెలియదు. పిల్లల విషయంలో ట్యూబు మీది అక్షరాలు చదవాల్సిందే. సాలిసిలేట్ ఉన్న జెల్ 16 ఏళ్లలోపు వాళ్లకు వద్దు. బెంజోకైన్ ఉన్నది రెండేళ్లలోపు పిల్లలకు అసలే వద్దు, రక్తం ఆక్సిజన్‌ను సరిగ్గా మోయలేని స్థితి వస్తుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది చాలా తక్కువ. గ్లాసుడు గోరువెచ్చటి నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి రోజుకు మూడు నాలుగు సార్లు పుక్కిలించండి. ఘాటుగా మండే మౌత్‌వాష్‌లు చాలావాటిలో ఆల్కహాల్ ఉంటుంది, మానేయండి. బ్రష్ మానొద్దు, కానీ మెత్తటిది వాడండి. నాలుక గీసుకునే బద్దను ఈ వారం పక్కన పడేయండి. దాన్ని అంగిలి వెనక దాకా పోనిచ్చి 'ఓ' అని గొంతు చించుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది, పుండున్నప్పుడు అది శత్రువే. తినడానికి పెరుగన్నం, పాలలో నానేసిన ఇడ్లీ, అరటిపండు, చల్లారిన సగ్గుబియ్యం పాయసం. అప్పడాలు, జంతికలు, చేగోడీలు పుండును గీరతాయి. నిమ్మ, చింతపండు, టమాటా మండిస్తాయి.

ఆవకాయ సంగతి నేను చెప్పేలోపే మీకు తెలిసే ఉంటుంది. గుంటూరు కారంలో పెరిగినవాళ్లకు కూడా నోరు కాలితే చిటికెడు కారం నిప్పులా ఎందుకుంటుందంటే, వేడిని పసిగట్టే నరాల్లో ఒక గ్రాహకం ఉంది. 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే అది మేల్కొంటుంది. మిరపలోని ఘాటు తగిలినా అదే మేల్కొంటుంది. అంటే మెదడుకు రెండూ ఒకటే కబురు. కాలిన చోట అది ఎప్పుడో రేగి ఉంటుంది కాబట్టి కొద్ది కారానికే గోల చేస్తుంది. అప్పుడు మంచినీళ్లు పెద్దగా పనిచేయవు, కారం నీళ్లలో కరగదు. పాలు, పెరుగు దాన్ని కడిగేస్తాయి.

నొప్పి ఎక్కువుంటే పారాసెటమాల్ వేసుకోండి. బాబు లాంటి పిల్లలకైతే కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్క. 15 కిలోల పిల్లాడికి ఒక్కసారికి 150 నుంచి 225. కానీ సిరప్‌లు అన్నీ ఒకేలా ఉండవు, కొన్ని సీసాల్లో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు ఉంటే, కొన్నింట్లో 250. సీసా మారితే మోతాదు రెట్టింపైపోతుంది. అట్ట మీద చూసి, మీ పిల్లల డాక్టరు చెప్పినట్టే పోయండి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

ఒక వారం తర్వాత కూడా నొప్పి పెరుగుతూ ఉన్నా, చీము, చెడు వాసన, జ్వరం ఉన్నా, రెండు వారాలు దాటినా మానకపోయినా దంత వైద్యుల దగ్గరకు వెళ్లండి. షుగరున్నవాళ్లు అంతదాకా ఆగొద్దు. కాలిన తర్వాత గొంతు బొంగురుపోయినా, మింగలేక చొంగ కారుతున్నా, ఊపిరి తీస్తుంటే గురగుర చప్పుడొస్తున్నా అది లోపల వాపు వచ్చిందని గుర్తు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. చిన్నపిల్లలు వేడి టీ గుటుక్కున మింగినప్పుడు ఇలా జరుగుతుంది. మొదటి గంట బాగానే ఉన్నట్టు కనిపించి తర్వాత వాపు పెరగవచ్చు, అందుకని కాసేపు కనిపెట్టి చూడాలి.

మీ ఇంట్లోనే ఎందుకిలా అంటారా? మీ ఇల్లేం పాపం చేసింది, బూరెలోనే ఉంది కిటుకు. మనం చేత్తో తినేవాళ్లం. పప్పన్నం కలిపేటప్పుడే వేళ్లు చెప్పేస్తాయి, వేడిగా ఉందో లేదో. కాలితే చెయ్యి వెనక్కి తీస్తాం, కాసేపు కెలుకుతాం, నోటిదాకా వచ్చేసరికి చల్లారుతుంది. బూరె ఈ వేళ్లనే మోసం చేస్తుంది. పైన తోపు పిండి పొర పలచన, గాలి తగిలి నిమిషంలో ఆరిపోతుంది. లోపల ఉడికించి రుబ్బిన శనగపప్పు, బెల్లం చిక్కటి ముద్దగా ఉంటాయి. ముద్దలోని వేడి కదలదు, బయటికి రాదు. వేళ్లకు గోరువెచ్చగా తగిలే బూరె నడిమధ్యలో ఇంకా పొగలు కక్కుతూ ఉంటుంది. నోట్లో పడ్డాక ఇంకో తంటా. వేడి నీళ్లయితే జారిపోతాయి, బెల్లం పాకం జారదు, అతుక్కుంటుంది. వేడి ఎంత అన్నది ఎంత ముఖ్యమో, ఎంతసేపు తగిలింది అన్నదీ అంతే ముఖ్యం. 60 డిగ్రీల నీళ్లు ఒంటి మీద అయిదు సెకన్లు నిలిస్తే లోతుగా కాలుతుంది, 70 అయితే ఒక్క సెకను చాలు. అంగిలి ముందు భాగంలో పలచటి పొర కింద కండ ఉండదు, వెంటనే ఎముకే. అందుకే అక్కడ అంత తొందరగా దెబ్బ తగులుతుంది. పిజ్జా మీద కరిగిన చీజ్ కూడా సరిగ్గా ఇక్కడే అతుక్కుంటుంది.

బాబు రాగి జావదీ ఇదే కథ. జావ మీద మీగడలా పొర కట్టి, పైన చల్లగా ఉంటుంది. చిక్కటిది కాబట్టి కింది వేడి పైకి రాదు. ఒక చెంచా పైనుంచి తీసి, మీ పెదవికి ఆనించి, 'ఆరిందిరా నాన్నా' అని పెట్టి ఉంటారు. రెండో చెంచా కిందినుంచి వచ్చింది. జావైనా, ఉగ్గైనా వెడల్పాటి పళ్లెంలో పోసి, అడుగుదాకా కలిపి, ఆ తర్వాత చూడాలి. మైక్రోవేవ్‌లో వేడి చేసిన పాలైతే మరీ జాగ్రత్త. సీసా పట్టుకుంటే గోరువెచ్చగానే ఉంటుంది, లోపల అక్కడక్కడ మరిగినంత వేడి ఉంటుంది. బాగా కదిపి, మణికట్టు లోపలివైపు నాలుగు చుక్కలు వేసుకుని చూశాకే పట్టండి.

వేడిని దాచేది ఇంకోటి ఉంది, పైన తేలే నూనె. చికెన్ పులుసు మీదా, పాయా మీదా నూనె తెట్టు కట్టి ఉంటే ఆవిరి పైకి రాదు. ఆవిరి రాకపోతే ఆరిందనుకుంటాం. నిజానికి ఆవిరి పోనందుకే అది ఆరదు. ఇక మిరపకాయ బజ్జీ. లోపల మిరపకాయ బోలుగా ఉంటుంది, ఆ బోలులో ఆవిరి బందీ. మొదటి కొరుకుతోనే అది అంగిలి మీదికి వస్తుంది, దానికి తోడు కారం. బండి దగ్గర నిలబడి తినేటప్పుడు మధ్యకు విరిచి, అర నిమిషం ఆగడం వల్ల పోయేదేమీ లేదు.

నేను పళ్ల డాక్టర్ని, అయినా ఓసారి రైల్లో నాలుక కాల్చుకున్నాను. కాగితం కప్పు, దాని మీద మూత. స్టీలు గ్లాసైతే అంచు పెదవికి తగలగానే 'ఆగు' అంటుంది. కాగితం కప్పు ఏమీ అనదు. మూతకున్న చిల్లులోంచి టీ గాలి తగలకుండా నేరుగా నాలుక మీదికి దూకింది. రెండు రోజులు పేషెంట్లతో నత్తినత్తిగా మాట్లాడాను. పాతకాలం ఇరానీ హోటళ్లలో టీని సాసర్‌లో పోసుకుని జుర్రుకునేవాళ్లు, దాన్ని మొరటుతనం అనుకునేవాళ్లం. కాఫీని గ్లాసులోంచి దవరాలోకి, దవరాలోంచి గ్లాసులోకి ఎత్తిపోయడం కూడా వట్టి సోకు కాదు. ఒక్కో ధారకు కొన్ని డిగ్రీలు దిగుతుంది.

టీ ప్రస్తావన వచ్చింది కాబట్టి, మీ క్యాన్సర్ భయంలో నిజమున్న ముక్క ఇక్కడే చెబుతాను. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం, 65 డిగ్రీలకు మించిన వేడితో పానీయాలు తాగే అలవాటును 'బహుశా క్యాన్సర్ కారకం' జాబితాలో చేర్చింది. అదీ నోటికి కాదు, అన్నవాహికకు. తప్పు టీది కాదు, వేడిది. ఇరాన్‌లో గోలెస్తాన్ ప్రాంతంలో 50 వేల మందిని ఏళ్ల తరబడి గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, 60 డిగ్రీలకు పైబడిన టీ రోజుకు 700 మిల్లీలీటర్ల కన్నా ఎక్కువ తాగేవాళ్లకు అన్నవాహిక క్యాన్సర్ ముప్పు, తక్కువగా, ఆరబెట్టుకుని తాగేవాళ్ల కన్నా 90 శాతం దాకా ఎక్కువగా కనబడింది. ఇది ఏళ్ల అలవాటు సంగతి, ఒక బూరె సంగతి కాదు. 'పొగలు కక్కుతుంటే గానీ నాకు టీ దిగదు' అనే మనిషి మీ ఇంట్లో ఉంటే, అయిదు నిమిషాలు ఆగమనండి.

మీ అత్తగారికి కట్టుడు పళ్ల సెట్టు ఉందేమో రాయలేదు. పై సెట్టు అంగిలిని కప్పేస్తుంది కాబట్టి వేడి తెలియదు, తెలిసేసరికి ముద్ద గొంతులో ఉంటుంది. అలాంటివాళ్లకు మనమే చల్లార్చి పెట్టాలి. పన్ను తీయించుకుని దవడ తిమ్మిరిగా ఉన్న రెండు మూడు గంటలూ అంతే. కాఫీ వద్దని చెప్పి పంపినా, సాయంత్రానికి పెదవి కాల్చుకుని తిరిగొచ్చేవాళ్లున్నారు.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి, మా కుర్చీలో ఎక్కువగా చూసేది ఇదే. పుచ్చుపన్ను నొప్పికి ఆస్పిరిన్ మాత్రను బుగ్గలో అదిమిపెట్టుకుని పడుకుంటారు. తెల్లారేసరికి బుగ్గ లోపల తెల్లగా, ముడతలు పడి, వేలు పెడితే ఊడొచ్చేలా ఉంటుంది. మాత్ర మింగితేనే పనిచేస్తుంది, బుగ్గకు రాస్తే కాలుస్తుంది. లవంగ నూనె కూడా దూదికి ఒక చుక్క, అదీ పన్ను గుంతలోనే. చిగురంతా పూస్తే అదీ కాలుస్తుంది. అన్నింటికన్నా సున్నం ప్రమాదకరం. తాంబూలంలో సున్నం ఎక్కువైతే నోరు పొక్కడం మనకు తెలిసిందే, కానీ అది ఘాటైన క్షారం. పేరంటం ఇళ్లలో ఆకు, వక్క, సున్నం పళ్లెం నేల మీదే పెడతారు. పాకే పిల్లలుంటే సున్నం డబ్బా అందకుండా పెట్టండి. నోట్లో పెట్టుకుంటే తడిగుడ్డతో తుడిచి, నీళ్లతో బాగా కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కంట్లో పడితే అరగంట పాటు ఆపకుండా నీళ్లు కొడుతూనే ఉండాలి. బాత్రూం యాసిడ్ లాంటిది మింగితే బలవంతంగా వాంతి చేయించకూడదు. కాల్చుకుంటూ లోపలికి పోయింది మళ్లీ కాల్చుకుంటూ పైకి వస్తుంది. నోరు కడిగి, ఆ సీసా వెంట పట్టుకుని పరిగెత్తడమే.

బాబు జావ గిన్నె చూస్తేనే మొహం తిప్పుకుంటున్నాడా? మీరు తెనాలివారు, రామకృష్ణుడి పిల్లి కథ మీకు చెప్పక్కర్లేదు. రాయలవారిచ్చిన పిల్లికి ఒకసారి మరిగే పాలు పెడితే, ఆ తర్వాత పాలగిన్నె చూస్తేనే పారిపోయిందట. పిల్లలూ అంతే. జావ చల్లగా చేసి, ముందు వాడి వేలు పెట్టించి, వాడే 'చల్లగా ఉంది' అన్నాక ఇవ్వండి. నాలుగు రోజులు బతిమాలొద్దు, వాడే వస్తాడు.

వచ్చే శుక్రవారానికి మీకు కాలి వారమవుతుంది. నాలుకకు గరుకు తగలకుండా, చిటికెడు కారం తిన్నా మంట పుట్టకుండా ఉంటే బూరె తినండి. చిల్లు పెట్టి నెయ్యి పోసుకోవద్దు, రెండుగా విరిచి పళ్లెంలో పెట్టండి. పూర్ణంలోంచి ఆవిరి పోవడం ఆగాక, మధ్యలో చిటికెన వేలు పెట్టి చూడండి. వేలు అక్కడ హాయిగా నిలిచిందంటే, అప్పుడు పోసుకోండి నెయ్యి.